గంజి పెట్టిన కథ

ఇప్పటికీ నా నూలు చీరలకు ఇంట్లోనే గంజి పెడతాను. అన్నం వార్చిన గంజిని పల్చగా కలిపి, చీర ముంచి పిండి, ఆదోనిలో మా మేడ మీద తీగకు ఆరేసి వస్తే ఆ పులిసిన వాసన చేతులను పట్టుకుని సాయంత్రం దాకా వదలదు. కింది వాటాలో అద్దెకుండే పిల్లలిద్దరూ మెట్ల మీద కూర్చుని, దిండ్లంత లావున్న ఏవో మాయల కథల పుస్తకాల గురించి తగవులాడుకుంటూ ఉంటారు. తర్వాతి భాగం ఏళ్ళు గడిచినా రాలేదట. ఫలానావాడు చచ్చాడా బతికాడా అని ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. ఆ వాసనా ఆ తగవూ ఒక్కసారే వచ్చిన రోజున నేను చిన్ననాటి ఎమ్మిగనూరులోనే ఉంటాను, ఏ పనీ సాగదు.

మా వీధిలో ఇంటికొక గుంత మగ్గం. నాయన గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే నడుము పైభాగమే కనిపించేది. చలికాలం తెల్లవారేసరికి వీధి పొడవునా నిలువు పోగుల పడుగులు సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వేవాళ్ళు. ఎండాకాలం పోగు పటుక్కున తెగేది, వానాకాలం గంజి ఆరక ఇల్లంతా ముక్కిన వాసన కొట్టేది, శెనక్కాయలు పీకే రోజుల్లో ఉడకబెట్టిన పచ్చి కాయలు నములుతూ అమ్మా నేనూ కండెలకు నూలు చుట్టేవాళ్ళం. అమాస నాడు మాత్రం మగ్గాలు ఆడవు. ఆ రోజు పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నం మా అరుగు మీద కథ.

మా చిన్నాయన నేసిన గుడ్డల మూటలు బస్సులో ఆదోనికి వేసుకుపోయి, వచ్చేటప్పుడు రైలు స్టేషను అంగట్లో పిల్లల మాసపత్రిక ఒకటి తెచ్చేవాడు. అందులో నెలనెలా వచ్చే కథ నాకు తొమ్మిదేళ్ళప్పుడు మొదలైంది. వజ్రకేతుడనే రాజకుమారుడు, నీలజంఘ అనే మాయలాడి, ఆమె దాచిన ఏడు తాళాల పెట్టె. వీధిలో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నేను చదివేదాన్ని, పాతికమంది వినేవాళ్ళు. చివర 'సశేషం' అని గట్టిగా చదివి పత్రిక మూసేదాన్ని. మా అవ్వ, నాయన తల్లి, అది కథ రాసినాయన పేరనుకుంది. చూస్తుండగానే వీధంతా అదే అనుకుంది. మిగిలి ఉందని దానర్థమని మా అయ్యవారు బళ్ళో చెప్పినా నేను ఇంట్లో చెప్పలేదు. "ఈ సశేషం ఉన్నాడే, సరిగ్గా గొంతు మీద కత్తి పెట్టినప్పుడే నిలిపేస్తాడు, వాని నోట్లో మన్ను పడ" అని అవ్వ తిట్టే తిట్లు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

కథ అరగంట, తగవు మళ్ళీ అమాస దాకా. అందరికంటే పెద్ద గొంతు పక్కింటి కాశన్న మామది. ఒక నెల నీలజంఘ ఒక్క రాత్రిలో ఏడామడల పొడవు మాయగుడ్డ నేసి రాజకుమారుణ్ణి చుట్టేసింది. కాశన్న మామ అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఒక్క రాత్రిలోనా? పడుగు ఎప్పుడు సాగదీసింది? గంజి ఎప్పుడు పెట్టింది?"

"మంత్రం రా అది," అంది అవ్వ.

"మంత్రమైనా గంజి ఆరొద్దా అవ్వా? ఈ సశేషం పుట్టి మగ్గం చూసినోడు కాదు, సెప్తాండా!"

వీధి రెండుగా చీలింది. మంత్రానికి గంజి అక్కర లేదనేవాళ్ళు ఒక వైపు, ఎవరు నేసినా పోగు పోగే అనేవాళ్ళు ఇంకో వైపు. బావి దగ్గర, గంజి కుండల దగ్గర అదే గొడవ. నాయన ఎటూ కలిసేవాడు కాదు. అరుగు చివర కూర్చుని మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడెకు నూనె రాసుకుంటూ వినేవాడు, అంతే.

ఐదో క్లాసు కాగానే నన్ను బడి మానిపించాలని నాయన అనుకున్నాడు. అక్కకు పెళ్ళయి కృష్ణగిరి పోయాక కండెలు చుట్టే చేతులు చాలడం లేదు. నేను ఏడ్చి గోల చేశాను, పని కాలేదు. పని చేసింది కథే. మూడో క్లాసుతో మానేసిన అక్క ఏడాది తిరిగేసరికి తన పేరు కూడా చదవలేకపోయిందని అవ్వ గుర్తు చేసింది. "దీనికీ అచ్చరాలు పోతే కథ సదివేది ఎవరప్పా? కథ అయిపోనీ, అప్పుడు కూసోబెట్టు." వీధిలో సగం మంది వచ్చి అదే మాట అన్నారు. నాయన సరేనన్నాడు. అప్పట్నుంచి పత్రిక చేతికి రాగానే నేను మొదట చూసేది ఆఖరి పంక్తి. సశేషం ఉంటే ఇంకో నెల బడి ఉన్నట్టు.

ఏడో క్లాసులో ఒక నెల అది లేదు. నీలజంఘ చచ్చిపోయింది, రాజకుమారుడికి పెళ్ళయింది, కింద 'సమాప్తం'. ఆ మాట రెండుసార్లు చదివాను. ఆ అమాసకు ఒక పేజీ ముందే ఆగి, మాయలాడి కత్తి పట్టుకుని లేచిన చోట "సశేషం" అన్నాను. పత్రిక మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

తర్వాతి నెల పత్రికలో వేరే కథ, వేరే బొమ్మలు. మీసాలవాడు ఏనుగు మీద ఉన్నాడు. మన వాడికి మీసాలెక్కడివి అన్నాడు కాశన్న మామ. శాపం అన్నాను. ఆ పేజీల మీదే కళ్ళు పెట్టి, లేని కథ చదవడం మొదలుపెట్టాను. నీలజంఘ మళ్ళీ గుడ్డ నేయాలనుకుంది. పాతాళంలో వీధి పొడవునా పడుగు సాగదీసింది, గంజి పట్టించి దువ్వింది, మబ్బు పట్టి గంజి ఆరకపోతే ఎనిమిది రోజులు కూర్చుంది, తెగిన పోగులన్నీ ఒక్కొక్కటే ముడేసుకుంది. కాశన్న మామ తొడ చరిచాడు. "వచ్చినాడు సూడు దారికి! మన మాట ఆయప్ప చెవిన పడింది!" అవ్వయితే సశేషం మనోడేనని, ఎప్పుడైనా ఇంటికొస్తే బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి పెడతానని చెప్పింది.

మర్నాడు నేను కండెలు చుడుతుంటే నాయన మగ్గం ఆపకుండానే అన్నాడు.

"ఏం పాపా, ఒక్క రాత్రిలో నేసే ఆయమ్మకు గంజి ఆరేదాకా కూసునే ఓపిక యాడ్నించి వచ్చింది?"

నాడె అటూ ఇటూ నాలుగు సార్లు పోయింది. నా బడి అయిపోయిందనుకున్నాను.

"ఇంగా ఎన్ని క్లాసులుండాయి?"

"ఈ ఏడాది కాక నాలుగు నాయనా."

"అయితే అన్నేండ్లూ రాయమని సెప్పు ఆ సశేషానికి. తొందర పడొద్దను."

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అవ్వతో కూడా అనలేదు. అంత తక్కువ మాట్లాడే మనిషి మీద నాకు అంత ప్రేమ ఉందని ఆ రోజే తెలిసింది. అప్పట్లో బడికి ఆఖరిదైన పదకొండో క్లాసు పరీక్షలు రాసి వచ్చాక వజ్రకేతుడికి పెళ్ళి చేశాను, అవ్వ ఓళిగలు చేసింది. తర్వాత టీచరు ట్రైనింగు, ఆదోనిలో ఉద్యోగం.

కాశన్న మామ ఆ పెళ్ళి వినలేదు. నేను తొమ్మిదిలో ఉండగానే షోలాపూరు మిల్లులో పనికి పోయాడు. బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు, "పాపా, నీకేమన్నా తెలిసుంటే సెప్పు. ఆ నీలజంఘ సస్తాదా, సావదా?" నాకు తెలుసు. అసలు పత్రికలో ఉన్నది వీధిలో నాకొక్కదానికే తెలుసు. "తెల్దు మామా, సశేషం," అన్నాను. ఆయన నవ్వాడు, బస్సు కదిలింది. షోలాపూరు నుంచి తిరిగి రాలేదు.

మొన్న ఎమ్మిగనూరు పోయినప్పుడు చూశాను. మా మగ్గం గుంత పూడ్చి పైన గచ్చు చేశారు, పడుగులు సాగదీసే వీధిలో మోటారు సైకిళ్ళు నిలబెట్టారు. చిరిగినప్పుడల్లా గంజితో అతికించుకున్న ఆ పత్రికలను పురుగులు ఎప్పుడో తినేశాయి, ఆ చివరి పేజీతో సహా. ఇక్కడ ఆదోనిలో, కింద పిల్లలు ఇంకా అరుచుకుంటూనే ఉన్నారు. తీగ మీద చీర దులుపుతూ, ఆ బస్సు కిటికీకి అప్పుడు ఇవ్వని జవాబు ఇప్పుడు పైకే అనేశాను.

"అది సచ్చి అప్పటికే రెండేండ్లయింది మామా."