జర కారనియ్యి

ఆయిల్ కారుతోందని లారీలు తెచ్చేవాళ్ళు మా షెడ్డుకు రోజూ వస్తారు. కారడం ఆగిపోయిందని ఫిర్యాదు పట్టుకుని వచ్చినవాడు మాత్రం ఒక్కడే. ఆయన పేరు భిక్షపతి.

రామన్నపేటలో మా నాయిన జాషువా పెట్టిన మెకానిక్ షెడ్డును ఇప్పుడు నేను నడుపుతున్నాను. భిక్షపతి భువనగిరి నుంచి అమ్రాబాద్ దాకా ఉప్పు, పప్పు, సబ్బులు మోసే పాత లారీకి డ్రైవరు. ఆ లారీ ఎటు పోయిందని ఎవరినీ అడగనక్కర్లేదు, రోడ్డు మీద నల్ల చుక్కలు చూసుకుంటూ పోతే చాలు. ఒకసారి ఆయన భార్య సావిత్రమ్మ సద్ది గిన్నె పట్టుకుని చుక్కల వెంబడే నడిచొచ్చి, మా షెడ్డు వెనకాల గురకపెడుతున్న మొగుణ్ణి పట్టుకుంది.

మరి నా దగ్గరికి ఎందుకు వచ్చేవాడంటే, మరీ ధారగా కారినప్పుడు కొంచెం తగ్గించుకోవడానికి.

"పూరా బంద్ చెయ్యకు మల్లికా. జర కారనియ్యి," అనేవాడు, కూరలో కారం సంగతి చెప్పినట్టు.

"ఎందుకు కాకా?"

"కారుతాందంటే లోపల ఆయిలున్నట్టే గదా. కారుడు బందయితే నాకు భయమైతది."

ఇంకోసారి అడిగితే ఇంకో మాట. "బండికి గూడ చెమట పట్టాలె బిడ్డా. చెమట పట్టనోడు పని చేస్తాండంటే ఎవడు నమ్ముతడు?"

ఇంజనులో రెండు ఇనుప భాగాలు కలిసేచోట, ఆయిల్ బయటికి రాకుండా పలచని గ్యాస్కెట్ ఉంటుంది. అది చెడితే మార్చాలి. నేను మార్చబోయినప్పుడల్లా భిక్షపతి నా చేతిలోంచి పానా లాక్కునేవాడు. పామును చూసినా అంత బెదరడు, కొత్త గ్యాస్కెట్‌ను చూస్తే బెదిరేవాడు.

ఇట్లా ఎంతకాలం సాగేదో గానీ, లారీకి ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరపడింది. ఓనరు శ్రవణ్‌కుమార్ స్వయంగా షెడ్డుకు వచ్చాడు.

"అక్కా, గిట్ల కారితే ఫెయిల్ చేస్తరు. ఫెయిలయితే బండిని తుక్కు కింద అమ్ముడే. ఈసారి కాక మాట వినకు, పూరా చెయ్యి."

భిక్షపతి లారీ తలుపు మీద చెయ్యి వేసి, "తుక్కా," అన్నాడు మెల్లగా. తర్వాత నావైపు తిరిగి, "కానియ్యి బిడ్డా," అన్నాడు.

నాకైతే అది పండగే. ఏళ్ళ తరబడి ముట్టుకోనివ్వని ఇంజను. చైన్ కప్పీతో ఇంజను పై మూతను, అదే హెడ్‌ను, పైకి లేపితే, కింద పాత గ్యాస్కెట్ మాడిన రొట్టెలా అతుక్కుని కనిపించింది. గీకి, డీజిల్‌తో కడిగి, ఇనుము మెరిసేదాకా తుడిచాను. కొత్తది పరిచి, నడిమి బోల్టుల నుంచి అంచులకు కొంచెం కొంచెంగా బిగిస్తూ వచ్చాను. భిక్షపతి పక్కనే గొంతుకూర్చుని ప్రతి బోల్టుకూ బేరమాడాడు.

"ఆ మూలది జర లూజుగ ఉంచరాదు?"

"కాకా, అది లూజుంటే ఇంజనే పోతది."

"అయితే కింద ఆయిల్ చాంబర్‌ది?"

"అది గూడ బిగిస్త."

"ఒక్కటి బిడ్డా. కండ్లు మూసుకొని బిగియ్యి. ఎంత బిగుసుకుంటే అంత."

కళ్ళు తెరుచుకునే బిగించాను. లారీ కింద తెల్ల అట్ట పరిచి, భిక్షపతిని తాళం తిప్పమన్నాను. ఇంజను దడదడలాడి లేచింది. నేను కింద పడుకుని, అట్టనే చూస్తున్నాను. ఇంజను వేడెక్కింది, ఆయన యాక్సిలరేటర్ తొక్కాడు, అట్ట మాత్రం తెల్లగానే ఉంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది గానీ లారీ కింద జాగా లేదు. పక్క షెడ్డు బాలస్వామి పరుగెత్తుకొచ్చి అట్టను తిప్పి చూశాడు, వెనకవైపు కారిందేమోనని. చుట్టుపక్కల షెడ్లవాళ్ళంతా వచ్చి చూసి చప్పట్లు కొట్టారు. భిక్షపతి ఒక్కడే పరామర్శకు వచ్చినవాడిలా నిలబడ్డాడు.

లారీ ఫిట్‌నెస్ పాసయింది. ఆ వెంటనే ఆయన దిగాలుగా వచ్చాడు.

"బిడ్డా, కారతలేదు."

"అందుకే గదా చేసింది."

"శానాసార్లు వంగి చూసిన. చుక్క గూడ లేదు. ఏమన్న చెయ్యి."

కొంత తిరిగాక హెడ్ బోల్టులు ఎలాగూ మరోసారి చూడాలి. ఈయన బాధేమిటో కూడా తెలుస్తుందని పానాల సంచి పట్టుకుని లారీ ఎక్కాను.

దేవరకొండ దాటాక కొత్త రోడ్డు నున్నగా సాగిపోతోంది. భిక్షపతి గతుకుల పాత రోడ్డు మీదికి తిప్పి, ఒంటరిగా ఉన్న ఒక దుకాణం ముందు ఆపాడు. లోపల ఇంజన్ ఆయిల్ డబ్బాలు, ముందు నాగులమ్మ అనే పెద్దావిడ. మొగుడున్నప్పుడు అక్కడ లారీలు బారులు తీరేవట. కొత్త రోడ్డు పడ్డాక అన్నీ అటే పోయాయి. డబ్బాల మీద దుమ్ము పేరుకుంది.

"ఒక డబ్బ ఇయ్యక్కా," అన్నాడు భిక్షపతి.

నాగులమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లారీ కిందికి వంగి చూసింది.

"పొడిగున్నది గదా. ఆయిలెందుకు?"

"ఇంటికి."

"ఇంట్ల పప్పుల తాలింపు పెడ్తవా?"

ఆయన దిక్కులు చూశాడు. నాకు అప్పుడు వెలిగింది. ఆ దుకాణానికి మిగిలిన ఒకే ఒక్క గిరాకీ ఈ లారీ. ఊరికే చేతిలో పెడితే పుచ్చుకునే మనిషి కాదామె. కాబట్టి లారీ కారాలి. నేను బిగించింది గ్యాస్కెట్ కాదు, ఆమె దుకాణం గొంతు. ఎటు చూడాలో తెలియక తల దించుకున్నాను.

నాగులమ్మ వచ్చి నా గడ్డం పట్టుకుంది. "నువ్వేనా బిడ్డా బాగుచేసింది? నీ కడుపు సల్లగుండ. అచ్చంపేటల నా బిడ్డ హారిక టిఫిన్ సెంటర్ పెట్టుకున్నది. చేతికింద సాయంగ ఉందువు రా అమ్మా అని ఎప్పటిసంది పిలుస్తాంది. నేను పోతే గీ భిక్షపతి బండి ఆయిలైపోయి అడివిల నిలవడతదని దుకాణం బంద్ చేస్తలేను."

భిక్షపతి నోరు తెరిచాడు. "నా కోసం కూసున్నవా?"

"మరి నువ్వు దేని కోసం ఆగుతున్నవు?"

"నీ కోసమే అక్కా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నాగులమ్మకే నవ్వొచ్చింది. గుంజ పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ తర్వాత ఆయన, ఆ తర్వాత నేను. మిగిలిన డబ్బాలను, ఆమె బట్టల పెట్టెను లారీ ఎక్కించి, ఆమెను క్యాబిన్‌లో మా నడుమ కూర్చోబెట్టుకుని అచ్చంపేటకు బయల్దేరాం. దారిపొడవునా ఆమే డ్రైవింగ్ నేర్పింది ఆయనకు.

మొన్న భిక్షపతి మళ్ళీ వచ్చాడు. లారీ కింద ఎండు నేల.

"ఏమైంది కాకా?"

"ఆయిల్ కారుడు బందయింది గదా, మల్ల అచ్చంపేటల ఎందుకు ఆగుతున్నవని ఓనర్ అడుగుతాండు. నాగులక్క అక్కడ దోశలు ఏస్తాంటే నడుమల లేచి రావస్తదా? నువ్వు మెకానిక్‌వి, బండికి ఏదన్న రోగం చెప్పు."

చేతులు తుడుచుకుని శ్రవణ్‌కుమార్‌కు ఫోన్ చేశాను. "తమ్మీ, ఇంజను పాతది. అచ్చంపేట దాటితే ఘాట్ రోడ్డు. ఎక్కే ముందు ఒక గంట చల్లారాలె."

ఎదురుగా భిక్షపతి నాకు రెండు వేళ్ళు చూపిస్తున్నాడు.

"ఒక గంట సాలదు తమ్మీ," అన్నాను. "రెండు."