మడత మడతకీ చిల్లి

నా సైకిల్‌కి ముందూ వెనకా రెండువైపులా స్ప్రింగులున్నాయి. చిలకలూరిపేటలో నేను పనిచేసే స్పిన్నింగ్ మిల్లులో ఒక ఇంజనీరు ఉద్యోగం మారుతూ అమ్మేస్తుంటే, తొక్కితే షుగరు తగ్గుతుందని కొన్నాను. కొండలెక్కే సైకిలట. రోజూ మిల్లుకీ ఇంటికీ తిరిగే నాకెందుకో, నా మొహం!

దానిమీద సామాను కట్టాలంటే చచ్చేచావు. గుంటలో పడ్డప్పుడల్లా వెనక చక్రం పైకీ కిందకీ ఆడుతుంది కాబట్టి మామూలు క్యారియర్ బిగించడం కుదరదు. చివరికి వెల్డింగ్ షాపాయన సీటు కింద గొట్టానికి ఒక ఇనపపట్టీ బిగించి, చక్రం మీదుగా వెనక్కి చాచిపెట్టాడు.

"ఎక్కువ బరువెయ్యకండి సార్. మీరెక్కి కూర్చుంటే సీటు దిగుద్ది, చక్రం పైకొస్తది. ఖాళీ సైకిలు చూసి మోసపోకండి" అన్నాడు.

నాకు చెప్పొచ్చాడు అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా మిషన్లతో బతుకుతున్నవాణ్ణి, ఒకడు చెబితే వినే రకాన్ని కాదు.

మా అక్క మా పక్క ఊళ్ళో రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేసింది. బావ పోయాక ఒంటిచేత్తో చేసిన మొదటి పంట. "ఆడదానివి, ఈ ఒక్క ఏడూ చూస్తా" అని ఆసామి ముందే చెప్పాడు. పంట సరిగ్గా రాకపోతే పొలం మళ్ళీ ఇవ్వడు. కాయ మంచి రంగు తిరిగింది. కోయించి కల్లంలో ఆరబోసింది. ఇంకో రెండెండలు కాస్తే సంచులకెత్తడమే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"ఒరేయ్, మబ్బు కమ్ముకొచ్చిందిరా. నా టార్పాలిన్ పట్ట సగం కాయలకే సరిపోయింది. మీ ఇంట్లో పెద్ద పట్ట ఉందిగా, ఎట్టాగైనా పంపించరా."

ముందురోజు జల్లుకే డొంకదారంతా బంకమట్టి. మోటారుసైకిలు వేసుకెళ్తే మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుని చక్రం తిరగదు. నా సైకిల్‌కి మడ్‌గార్డు లేదు, టైర్లు లావు. కాలవకట్ట మీదుగా పోవచ్చు.

"నేనే తెస్తున్నా, నువ్వు కంగారుపడకు" అన్నాను, పెద్ద మొనగాడిలా.

టార్పాలిన్ పట్టను మడతలు పెట్టి ఆ ఇనపపట్టీకి తాళ్ళతో బిగించాను. కిందకి చెయ్యి పెట్టి చూశాను. చక్రానికీ మూటకీ మధ్య నాలుగు వేళ్ళ సందుంది. అప్పుడు నేను సైకిల్ పక్కన నిలబడి ఉన్నాను. ఎక్కి కూర్చున్నాక మళ్ళీ చూడలేదు.

కట్టమీద అన్నీ గుంటలే. కొంతదూరం పోయాక వెనకనుంచి బర్రు బర్రుమని చప్పుడు మొదలైంది. తొక్కుడు బరువెక్కింది. అబద్ధమెందుకు, అనుమానం వచ్చింది. దిగితే తాళ్ళన్నీ విప్పి మళ్ళీ కట్టాలి. పడమట ఉరుముతోంది. మట్టి రాసుకుంటోందిలే అని సర్దిచెప్పుకుని ఇంకా గట్టిగా తొక్కాను.

కల్లం దగ్గర అక్క ఎదురొచ్చింది. "వచ్చావా నాయనా!" అంటూ తనే తాళ్ళు విప్పింది. చెరో కొసా పట్టుకుని కాయల మీద పరిచాం. అప్పుడు కనపడ్డాయి చిల్లులు. కింది మడత నుంచి పైదాకా టైరు కొరికేసింది. విప్పితే మడత మడతకీ పిడికిలంత చిల్లి, పట్టంతా వరసలు వరసలుగా. వాటిలోంచి ఎర్రటి కాయలు కనపడుతున్నాయి.

వాన దిగింది. ఎరువుల సంచులు, గోతాలు, చివరికి నా చొక్కా, ఏది దొరికితే అది చిల్లుల మీద వేశాం. నీళ్ళు పట్టమీద చేరి, ఆ బరువుకి సంచుల్ని కూడా లోపలికి లాగేసి, పంపు తిప్పినట్టు కాయల మీదికి దిగాయి. అడుగునుంచి పారి, అక్క పట్ట కప్పిన సగం కాయల్నీ ముంచాయి. అక్క మోకాళ్ళమీద కూర్చుని రెండు చేతులూ రెండు చిల్లులకి అడ్డం పెట్టింది. ఎన్నింటికని పెడుతుంది?

వాన వెలిశాక అడిగింది. "దార్లో చప్పుడేమన్నా వచ్చిందేంట్రా?"

"లేదక్కా. గాలి హోరులో ఏం వినపళ్ళేదు."

"సరేలే" అంది.

మూడురోజులు ఎండ రాలేదు. కాయ తెల్లబడి తాలైపోయింది. కొనడానికొచ్చినాయన పిడికెడు తీసి వాసన చూసి, అక్కడే పారేసి వెళ్ళిపోయాడు. పొలాన్ని ఆసామి వేరేవాళ్ళకిచ్చాడు.

ఈ ఏడు అక్క అదే చేలో కాయ కొయ్యడానికి కూలికి పోతోంది. మొన్న వెళ్ళాను. పాత చీర ఒడి కట్టుకుని, వంగి కోస్తోంది. పక్కన నిలబడి, ఏడాదిగా దాచిన మాట కక్కేశాను.

"అక్కా, ఆరోజు చప్పుడు వినపడింది. నేనే దిగలేదు."

చెయ్యి ఆగలేదు. "ఆ పట్ట పరిచినప్పుడే తెలిసిందిరా. అన్ని మడతలు తెగేదాకా వినపడకుండా ఎట్టా ఉంటది?"

"మరి నన్నొక్క మాటైనా అనలేదేం?"

"అంటే నువ్వు మొహం చెల్లక నా గడప తొక్కవు. పంటా పోయి, నువ్వూ పోతే నాకెవరున్నార్రా?"

నాకు ఏడుపొచ్చింది. గట్టుమీదనుంచి కూలీల మేస్త్రి కేకేశాడు, కబుర్లేంటని. అక్క తలెత్తలేదు.

"ఇక్కడ నిలబడమాక. నన్ను పన్లోంచి తీసేస్తారు. సాయంత్రం ఇంటికి రా" అని, వరసలో ముందుకు జరిగిపోయింది.