తొంభై దగ్గర వణికిన బండి

పోయిన నెల హైదరాబాదులో ఊరి చుట్టూ తిరిగే పెద్ద రోడ్డు మీద అద్దె కారులో వెళ్తుంటే, వేగం తొంభై దాటగానే బండి సన్నగా వణకడం మొదలుపెట్టింది. డ్రైవరు పట్టించుకోలేదు, అతని గొడవలో అతనున్నాడు. నా పక్కన కూర్చున్న మా ఆవిడ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ చూస్తూనే కుడిచెయ్యి తెచ్చి పొట్ట మీద పెట్టుకుంది. ఆవిడకిప్పుడు యాభై దాటాయి. అలా ఎందుకు చేశావని అడిగితే తానేం చేసిందో కూడా ఆవిడ చెప్పలేకపోయేది గాని, నాకు మాత్రం ఇరవై ఏళ్ళనాటి భయం ఒక్కసారి తిరిగొచ్చింది.

ఇది సూరత్ నాటి సంగతి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేం ఉధ్నాలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నేను హజీరాలో ఒక పెద్ద కర్మాగారంలో ఇంజనీరుని. పంపులూ కంప్రెసర్లూ లాంటి తిరిగే యంత్రాలు ఎందుకు అదురుతున్నాయో కనిపెట్టడం నా పని. యంత్రం ఒంటికి చిన్న మీటరు ఆనించి, అది చూపే గీతల్ని బట్టి బేరింగు పోయిందా, షాఫ్టు వంగిందా, పునాది బోల్టు వదులైందా అని చెప్పాలి. ఆ విద్యలో నాకు కాస్త పేరుండేది, పేరుతోపాటు కాస్త పొగరూ ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేమీ లేదు.

మా ఆవిడ బ్యాంకు ఉద్యోగి. ఆ ఏడాదే బార్డోలీ బ్రాంచికి బదిలీ అయింది. చెరుకు బళ్ళను తప్పించుకుంటూ సర్కారు బస్సులో పోను గంటంబావు, రాను గంటంబావు. అంతకు ముందు ఏడాది నాలుగో నెలలో ఒక బిడ్డను పోగొట్టుకున్నాం. బస్సు కుదుపుల వల్లేనని ఏ డాక్టరూ రాసివ్వలేదు గాని, మళ్ళీ నెల తప్పినప్పుడు మా లేడీ డాక్టరు, గుజరాతీ పెద్దావిడ, కళ్ళజోడు పైనుంచి మమ్మల్నిద్దర్నీ చూసి ఈసారి బస్సు మాత్రం వద్దని గట్టిగా చెప్పింది. సెలవులన్నీ నిరుడే అయిపోయాయి. ఉద్యోగం మానే ఉద్దేశం ఆవిడకు లేదు, మానమని అడిగే ధైర్యం నాకు లేదు. అందుకని కారు కొన్నాం. మా రెండు కుటుంబాల్లోనూ అదే మొదటి కారు. నేను అడిగి మరీ రాత్రి షిఫ్టు వేయించుకున్నాను, పొద్దున షిఫ్టు దిగి వచ్చి ఆవిడను బార్డోలీలో దింపడం, ఇంటికొచ్చి నిద్రపోవడం, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకురావడం అని లెక్క వేసుకున్నాను.

కారు రావడానికి వారం ముందే మా అత్తయ్యగారు కూతురికి తోడుగా ఉండటానికి వచ్చారు. మామగారికి రైల్వేలో గూడ్సు ఆఫీసు ఉద్యోగం, సెలవు దొరక్క ఊళ్ళోనే ఉండిపోయారు. మా వైపు ఆ తరం అత్తగార్లు అల్లుళ్ళతో ఎదురుపడి మాట్లాడేవారు కాదన్న సంగతి నా వయసువాళ్ళకు చెప్పక్కర్లేదు. విశాలమైన మండువా ఇంట్లో ఆ పద్ధతి చెల్లుతుందేమో గాని, ఉధ్నాలో రెండు గదుల్లో దాన్ని పాటించడం సర్కసు ఫీటే. నేను ముందుగదిలోకి వస్తే ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. నాకు చెప్పాల్సిందేదైనా ఉంటే కూతురికి చెప్పేవారు, కూతురు స్నానానికి వెళ్ళి ఉంటే ఫ్రిజ్జుకు చెప్పేవారు. కాఫీ చల్లారిపోతోందని ఫ్రిజ్జుతో అంటుంటే నేను వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిడ నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగరు, నేనూ ఆవిడను ఏదీ అడిగి ఎరగను. అది గౌరవమనే ఇద్దరం అనుకునేవాళ్ళం.

కారు వచ్చిన మర్నాడు నేను షిఫ్టు నుంచి వచ్చేసరికే ఆవిడ తెల్లవారుజామున లేచి, బండిని కడిగి, నాలుగు చక్రాలూ కొబ్బరిపీచుతో తోమి, పసుపు రాసి బొట్లు పెట్టి సిద్ధంగా ఉంచారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, కొబ్బరికాయ కొట్టి బయలుదేరాం. ఊళ్ళో బండి వెన్నలా నడిచింది. పల్సానా దగ్గర పెద్ద రహదారి ఎక్కి వేగం ఎనభై అందుకోగానే స్టీరింగు చేతుల్లో చిన్నగా చలించింది. తొంభైకి వచ్చేసరికి స్టీరింగూ, సీటూ, కాళ్ళ కింద నేలా అన్నీ కలిసి అదిరాయి. అద్దానికి కట్టిన పూసల దండ గలగలా కొట్టుకుంది. మా ఆవిడ ఒక చేత్తో తలుపు పిడి పట్టుకుని, రెండో చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. నేను యాభైకి తగ్గించేశాను, అదురు మాయమైంది.

షోరూముకు తీసుకెళ్తే అక్కడి మెకానిక్కు రింగురోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. ఆ రద్దీలో నలభై దాటితే గొప్ప. "సాహేబ్, గాడీ నవీ ఛే, థోడీ చాల్‌శే ఎట్లే సెట్ థయి జశే" అన్నాడు నవ్వుతూ. కొత్త బండి కదా, కొంచెం నడిస్తే సర్దుకుంటుందని అతని ధైర్యం. చక్రాల సంగతి అడిగితే కంపెనీ నుంచి సరిచేసే వస్తాయి, ఇప్పట్లో చూడక్కర్లేదన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. మా కర్మాగారంలో కూడా కొత్త యంత్రం వస్తే దాని తూకాన్ని ఎవరూ అనుమానించరు, బిగింపులనే అనుమానిస్తారు.

సర్దుకోలేదు. పొద్దున మా ఆవిడను దింపి ఒక్కణ్ణే తిరిగి వచ్చేటప్పుడు రోజుకో పరీక్ష చేసేవాణ్ణి. తొంభై దగ్గర గేరు తీసేసి వదిలేస్తే అదురు అలాగే ఉంది, కాబట్టి ఇంజను దోషం కాదు. నూటపది దాటితే కొంచెం తగ్గినట్టుండేది గాని అంత వేగంలో నా గుండె దడకీ బండి దడకీ తేడా తెలిసేది కాదు. పై అధికారిని బతిమాలి మీటరు తెచ్చి స్టీరింగు గొట్టానికి ఆనించాను. తేడా చక్రాల వైపే ఉందని గీత స్పష్టంగా చెప్పింది. ఆ మాట విని కూడా నేను వంగిన షాఫ్టు కోసం, సొట్టపడ్డ రిమ్ము కోసం, వదులైన బోల్టు కోసం బండి కింద దూరి వెతికాను గాని, చక్రం వంక సరిగ్గా చూడలేదు. ప్లాంటులో స్నేహితులకు తెలిసిపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టుందని మా తెలుగు మిత్రుడొకడు క్యాంటీన్లో అందరికీ వినపడేలా అన్నాడు. నవ్వాను గాని ఆ పూట అన్నం సయించలేదు.

యాభైలోనే నడపవచ్చు కదా అనిపించవచ్చు. అలాగే నడిపేవాణ్ణి. కాని ఆ రహదారి మీద వెనక నుంచి లారీలు హారను మోగిస్తూ మీదకొస్తుంటే యాభైలో నడపడం కూడా ప్రాణం మీదికే వచ్చేది. అంతకన్నా పెద్ద భయం, కారణం తెలియని అదురు. ఏదో విరగబోతోందేమో, విరిగేది ఆవిడ పక్కనున్నప్పుడేనేమో. మా ఆవిడ ఏమీ అనేది కాదు, పైపెచ్చు ఇవాళ కొంచెం తగ్గిందేమో అని నాకే ధైర్యం చెప్పేది. అత్తయ్యగారు దిష్టి అనుకున్నారు. శుక్రవారం శుక్రవారం నిమ్మకాయలూ మిరపకాయలూ మార్చి కట్టేవారు, నేను నిద్రపోతున్నప్పుడు బండి చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి పడేసేవారని తర్వాత తెలిసింది.

మూడో వారంలో ఒకరోజు పల్సానా దాటాక ఒక లారీ ఎంతకీ వదలకుండా వెంటపడింది. పక్కకు తప్పుకునే చోటు లేక వేగం పెంచాను. తొంభై అయిదు దగ్గర స్టీరింగు చేతుల్లో నిలవలేదు. మా ఆవిడ ముందుకు వంగిపోయి, ఆపండి అంది, చాలా నెమ్మదిగా. రోడ్డు పక్కకు తీసి ఆపితే, పొత్తికడుపులో పట్టేసినట్టుందని చెప్పింది. మొహం తెల్లగా పాలిపోయింది. నిరుడు కూడా ఇలాగే మొదలైంది. ఆ ఇరవై కిలోమీటర్లు వెనక్కి ముప్పై వేగంతో, లారీలు తిట్టుకుంటూ దాటిపోతుంటే, నేను ఎలా నడిపానో నాకు గుర్తులేదు. డాక్టరమ్మ పరీక్షించి, బిడ్డ గుండె చప్పుడు మాకూ వినిపించి, ప్రస్తుతానికి భయం లేదంది. ఇంటికి వచ్చాక మా ఆవిడ, రేపటి నుంచి బస్సులోనే వెళ్తానంది, కనీసం బస్సు ఎందుకు ఊగుతుందో తెలుసు కదా అంది. వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడైంది.

నిద్రపోకుండా ఆ మధ్యాహ్నమే డిండోలిలో టైర్ల షాపుకు వెళ్ళాను. దాని యజమాని కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి, తర్వాత ఈ పనిలో స్థిరపడ్డ మనిషి. మా పద్ధతి ప్రకారం ఒక్కొక్కటే మార్చి చూద్దామని, ముందు ఎడమ చక్రం తీసి, డిక్కీలో ఉన్న స్టెప్నీ వెయ్యమన్నాను. అతను స్టెప్నీని దొర్లించుకొచ్చి, తీసిన చక్రం పక్కన పెట్టి, రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"సార్, జర ఇటు చూడుండ్రి. గీ స్టెప్నీ అంచుకు సీసం ముక్క ఉన్నది. గా నాలుగింటికి ఒక్కదానికి గూడ లేదు."

చక్రంలో ఒక పక్క రవ్వంత బరువు ఎక్కువుంటే మెల్లగా తిరిగినప్పుడు తెలియదు, వేగం పెరిగేకొద్దీ ఆ రవ్వే సుత్తిలా కొడుతుంది. దానికి విరుగుడుగా ఎదురుపక్క రిమ్ము అంచుకు ఆ సీసం ముక్క బిగిస్తారు. మా రోటర్లకైతే బరువెక్కువైన చోట లోహం తొలిచేస్తాం గాని ముక్కలు తగిలించం, అందుకని ఖాళీ అంచు చూసినా నాకేమీ లోటనిపించలేదు. అతను నాలుగు రిమ్ముల మీదా వేలు పెట్టి సన్నటి గీతలు చూపించాడు.

"స్క్రూడ్రైవర్‌తోని పీకిండ్రు సార్. ఇంట్ల ఎవలన్న తీసిండ్రా ఏంది?"

మా ఇంట్లో అలాంటి పని ఎవరు చేస్తారని కొట్టిపారేశాను. అతను నాలుగు చక్రాలనూ మిషనెక్కించి కొత్త సీసం ముక్కలు బిగించాడు. పల్సానా దాకా వెళ్ళి తొంభై, నూరు, నూటపది తొక్కాను. బండిలో నా ఊపిరి నాకు వినిపించింది. రోడ్డు పక్కన ఆపి, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక, కాసేపు ఏడ్చాను.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెబితే, సంతోషం ఒక నిమిషమే, తర్వాత కోపం ముంచుకొచ్చింది. సీసం ముక్కలు బిగించకుండా కడుపుతో ఉన్న మనిషికి బండి అంటగట్టారా అని, షోరూము మీద కంపెనీకి ఫిర్యాదు రాయడానికి కాగితం తీసుకుని కూర్చుంది. బ్యాంకువాళ్ళ ఉత్తరం ఎలా ఉంటుందో తెలుసు కదా, మొదటి వాక్యంలోనే ఎదుటివాడు దోషి అయిపోతాడు. అప్పుడు అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చారు. వచ్చి గుమ్మం దగ్గర ఆగలేదు, కూతురి వైపు తిరగలేదు. నా ఎదురుగా నిలబడ్డారు.

"ఆ ఉత్తరం వద్దని చెప్పండి. అవి తీసింది నేనేనండీ. సరుకు చేరాక వాగను తలుపుకున్న సీసపు సీలు తెంపితేనే అది మనదైనట్టని మీ మామగారు అంటుండేవారు. ఆ సీసం ముక్కలు చూసి సీళ్ళనుకున్నాను. మంచి ఘడియ చూసి నేనే ఊడదీశాను."

మా ఆవిడ కలానికి మూత పెట్టేసింది. మిమ్మల్నడిగి తియ్యాల్సింది, అడగడానికి నోరు రాలేదు, నా బిడ్డకు నా చేతుల్తో... అని అత్తయ్యగారు ఆపైన అనలేకపోయారు. మూడు వారాలు నేను బండి కింద దూరి వెతికిన జవాబు నాకు పది అడుగుల దూరంలో, వంటింటి గోడ అవతలే ఉంది. ఆ పసుపు పూజ రోజు చక్రాలనేం చేశారండీ అని నేను ఒక్కమాట అడిగినా సరిపోయేది. నేను మాత్రం అడిగానా అండీ అని, అంతవరకే అనగలిగాను. ఆవిడ తలూపి, కళ్ళు తుడుచుకుని, వంటింట్లోకి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి మళ్ళీ ఫ్రిజ్జుతోనే మాట్లాడారు.

వానాకాలంలో అమ్మాయి పుట్టింది. ఆసుపత్రి వరండాలో అత్తయ్యగారు బట్టలో చుట్టిన బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టి, మెడ జాగ్రత్తండీ, అన్నారు. ఆవిడ నాతో నేరుగా మాట్లాడటం అది రెండోసారి.

ఇప్పుడు మా తమ్ముడి అల్లుడు వాళ్ళ అత్తగారికి రోజూ ఫోనులో జోకులు పంపుతాడు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని క్రికెట్టు చూస్తూ ఒకరి జట్టును ఒకరు వెక్కిరించుకుంటారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కొంచెం కుళ్ళుగానూ ఉంటుంది. అత్తయ్యగారికి చివరి రోజుల్లో మామగారు సెల్‌ఫోను కొనిపెట్టారు. రోజూ సాయంత్రం చేసేవారు. నేను ఎత్తితే, అమ్మాయి ఉందాండీ అనేవారు, ఉందండీ, ఇస్తున్నా అనేవాణ్ణి. మా ఆవిడ తడిచేతులు తుడుచుకుని వచ్చేదాకా ఫోను నా చెవి దగ్గరే ఉండేది, అవతల ఆవిడ ఊపిరి వినిపిస్తూ ఉండేది. ఆయాసం ఎక్కువైనట్టు నాకు తెలుస్తూనే ఉండేది, యంత్రాల చప్పుడు విని రోగం చెప్పినవాణ్ణి కదా. ఒంట్లో ఎలా ఉందండీ అని ఒక్కసారైనా అడగాల్సింది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. అడగలేదు.