బావి గట్టు మీద లెక్క

ఈ బరువు మోయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కనుక మీకు చెబుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పత్తికొండ దగ్గర అక్కవాళ్ల చేనులో బావి ఎండిపోతే, బావ దాన్ని లోతు చేస్తున్నాడు. అడుగున రాయి పడింది. రాతిలో రంధ్రాలు తొలిచి, మందు దట్టించి, వత్తులు అంటించి పైకి వచ్చేవాడు. గట్టు మీద ఒకరు నిలబడి పేలుళ్లు లెక్కపెట్టాలి. పెట్టినవన్నీ పేలాయని ఆ మనిషి చెప్పాకే మళ్లీ దిగాలి. సెలవులకు వచ్చిన నాకు ఆ పని అప్పగించారు. నోటిలెక్కల్లో నాకు ఊళ్లో పేరుంది.

"ఏడు పెట్టినా బామ్మర్దీ, బాగా విను" అని బావ బండచాటున చెవులు మూసుకుని కూర్చున్నాడు.

మూడోది పేలింది. నా పక్కనున్న చిన్నాయన ఆటపట్టించాడు. "ఏమప్పా లెక్కల దొరా, పదమూడు పదిహేడ్లు ఎంత? కాలేజీలో ఏమన్నా నేర్పినారా, ఉత్త ఇస్త్రీ చొక్కాలేనా?"

పదిహేను పదిహేన్లు రెండు వందల ఇరవై ఐదు. అందులో నాలుగు తీసేయాలి. చెప్పేశాను. ఆయన నవ్వాడు. ఆలోపల ఎన్ని పేలాయి? చప్పుళ్లు విన్నాను. లెక్కపెట్టలేదు.

"అన్నీ పేలినాయా?" బావ కేకేశాడు.

"ఏడూ పేలినాయి బావా."

అది అబద్ధమా? బావ ముందే చెప్పిన సంఖ్య మనసులో సిద్ధంగా ఉంది, నేను విన్నదాని చోట అదే వచ్చి కూర్చుంది, నోరు దాన్నే పలికింది అని ఎన్నోసార్లు నాకు నేను వివరించుకున్నాను. కానీ పలికే ముందు ఒక్క క్షణం తడబడ్డానని కూడా గుర్తుంది. తెలియదని ఎందుకు అనలేదు? చిన్నాయన నవ్వుతాడని. అంతే.

బావ దిగి గడ్డపార వేశాడు. మిగిలిన మందు పేలింది.

"ఎనిమిది పెట్టి ఏడనుకున్నాడు పాపం. ఆ అబ్బి లెక్క తప్పుతాడా?" అన్నారు ఊళ్లో. నేను తల దించుకున్నాను. దుఃఖమనుకున్నారు. దుఃఖమే. అదొక్కటే కాదు.

అక్క కూడా నమ్మింది. కూతురికి ఊహ తెలిశాక నా ముందు కూర్చోబెట్టి, "మీ నాయన లెక్క తెలీక పోయినాడు. నువ్వన్నా మామ దగ్గర నేర్చుకో" అంది. ఆ పిల్లకు ఎక్కాలు నేనే నేర్పాను. నేర్పుతూ ఆమె ముఖం చూడలేకపోయేవాణ్ణి.

పోయిన నెల అక్క చనిపోయింది. చివరిదాకా బావ మీద కోపం పోలేదు. నా మీద ఉండాల్సిన కోపం అది.

మేనకోడలికి ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. బావ లెక్క తప్పలేదని ఇక్కడ రాశాక ఊపిరి కొంచెం ఆడింది. ఆ మాట అక్క విని పోవాల్సింది.