కాలువ సొమ్ముకు అత్త సంతకం

మా మేనత్త మునిసిపల్ ఆఫీసులో ఊడ్చే మనిషి. ఇరవై రెండేళ్ల పని. ఇల్లు మా వాడలోనే, పల్లపు వీధి చివర. వాన పడితే మురుగు గడప దాటి, కాలు పడిపోయిన మామయ్య మంచం కిందికి చేరుతుంది. అక్కడ కాలువకని ప్రతి బడ్జెట్లోనూ డబ్బు రాస్తారు. కాలువ మాత్రం రాదు.

ఎందుకు రాదో ఆఫీసు కాగితాలు అడిగి తెచ్చుకుని చదివాను. మా వాడ డబ్బును వేరే పనికి మళ్లించాలంటే వాడవాళ్లు పదిమందైనా బడ్జెట్ సభకు వచ్చి ఒప్పుకోవాలి. సభేమో పనిరోజు పదకొండింటికి. ఆ వేళ హాల్లో ఉండే మావాళ్లు ఊడ్చేవాళ్లూ, టీ అందించేవాళ్లూ. సరిగ్గా పదిమంది. వాళ్ల సంతకాలతోనే నాలుగేళ్లలో మా కాలువ ఆఫీసు చుట్టూ ఇనుప కంచె అయింది, పూలతోట అయింది, ఛైర్మన్ గదిలో ఏసీ అయింది. మొదటి సంతకం అత్తది. ఆ గుండ్రటి అక్షరాలు నేను నేర్పినవే.

కాగితం చూపించాను.

"టీ డబ్బుల కోసమన్నాడురా గుమస్తా. పేరు రాయడం వచ్చిందన్న సంబరంలో అందరికంటే ముందు నేనే రాసేదాన్ని."

"బాగుంది సంబరం. మామయ్య మంచం మీంచే ఈత కొట్టొచ్చు."

అనకుండా ఉండాల్సింది. ఆమె పైన రాసిందంతా నాచేత రెండుసార్లు చదివించుకుంది.

ఈ ఏడు సభలో గుమస్తా పుస్తకం ఆమె ముందు పెట్టాడు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"కానియ్యమ్మా, టీ చల్లారిపోతోంది."

"పైన ఏం రాసుందో చదవండి బాబూ."

"ఓహో! మేనల్లుడు ప్లీడరయ్యాడా?"

హాలంతా నవ్వింది.

"వాడేమీ కాలేదు బాబూ. మీకు చదువొచ్చు కదా, చదవండి."

గుమస్తా గొంతు తగ్గించాడు. "రేపట్నుంచి చీపురు ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించుకో."

అత్త పెన్ను పుస్తకం మీద పెట్టి, ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఆమె వైపు చూడకుండా పెట్టేశారు. తొమ్మిది సంతకాలు. డబ్బు కదల్లేదు.

అత్త పని పోయింది. కాలువ ఇంకా తవ్వలేదు. నిన్న వాన పడింది. నేను అర్జీ రాస్తుంటే ఆమె మామయ్య మంచం కోళ్ల కింద ఇటుకలు పెడుతోంది.

"నా చోట పెట్టుకున్నామె మన వాడ మనిషేనా?"

"మన వాడ మనిషే."

"సంతకం వచ్చా?"

"రాదు. వేలిముద్ర."

"అది చెల్లుతుందా?"

"చెల్లుతుంది."

ఇటుక సరిచేసి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏ వీధో చెప్పు," అంది.