దారి వింటుంది

బర్మా సరిహద్దు ఊరు భామోలో చలికాలపు మంచు పొద్దెక్కినా కదలదు. ఐరావతి కనబడదు, పడవవాళ్ల కేకలు మాత్రం వినబడతాయి. నెలకోసారి ఆ మంచులోంచి కంచరగాడిదల గంటలు తేలివచ్చేవి. బిడారు ఎక్కడుందో తెలిసేది కాదు, కాసేపు ఆకాశంలోనే నడుస్తున్నట్టుండేది. ఆ తర్వాత బిడారు పెద్ద సాయ్ చింగ్‌వెన్ అక్రోట్ల మూటతో మా కచేరీ మెట్లెక్కేవాడు.

నేనక్కడ రాయసగాణ్ణి. సరిహద్దు అధికారి టిల్నీ దొర కొండల అవతలి చైనా సీమ యున్నాన్ ముఖం ఎన్నడూ చూడలేదు గాని, యున్నాన్ పరిస్థితి మీద నెలనెలా రంగూన్‌కి నివేదిక పంపేవాడు. కబుర్లు సాయ్ తాతవి, సంతకం దొరది. సొమ్మొకడిది సోకొకడిది అంటే అదే మరి.

అయితే తన మనిషి ఒక్కడు దారిలో ఉన్నా సాయ్ తాత ఆ దారిని చెడ్డమాట అనేవాడు కాదు. బిడారువాళ్ల నియమం అది. జడివాన కురిసినా ‘కొండ తలంటుకుంటోంది’ అంటారు. అందరూ చేరి, ఆఖరి బరువు దించాకే అసలు కబుర్లు.

చైనాలో గద్దె కదిలిన ఆ చలికాలం తాత ముందుగా వచ్చేశాడు. ఒక్కగానొక్క కొడుకు దావూద్ పదిహేను కంచరగాడిదలతో ఇంకా కొండల్లోనే ఉన్నాడు. తాత అంగీ భుజం దగ్గర కాలి ఉంది. దొర కళ్లద్దాలకు అది ఆనలేదు.

“అవతల గొడవలున్నాయా సాయ్? ఉన్నాయంటే చెప్పు, కనుమ దాకా సిపాయిల్ని పంపుతా.”

“దారి బాగుంది దొరా.”

దొర ‘ప్రశాంతం’ అని రాసుకున్నాడు.

నేను వరండాలో తాతను పట్టుకున్నాను. “మతిపోయిందా తాతా? ఉన్నమాట చెబితే దావూద్‌కి తోడు దొరుకుతుంది గదా!”

“నోర్ముయ్‌రా. నేను చెబితే ముందు దారి వింటుంది, ఆ తర్వాతే నీ దొర.”

“దారికి చెవులుంటాయా?”

“ముప్పై ఏళ్లు నడిచినవాణ్ణి నేను. నువ్వు కుర్చీ అరగదీసినవాడివి” అంటూ నా దోసిట్లో అక్రోట్లు పోశాడు.

లోపలికెళ్లి నేనే చెప్పొచ్చు. పెద్దాయన నమ్మకం మీద చెయ్యి వెయ్యలేకపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రోజూ పొద్దున్నే తాత ఊరి చివర మంచులో నిలబడేవాడు. “విన్నావా?” అనేవాడు. నాకూ గంటలు వినిపించేవి. మంచు విడిపోయేసరికి ఖాళీ దారి ఉండేది.

పంతొమ్మిదో నాడు తాత దావూద్ కోసం మంచులో నిలబడకుండా కచేరీకి వచ్చాడు. చేతిలో అక్రోట్లు లేవు. ఎవరూ రమ్మనకుండానే కూర్చున్నాడు.

“రాసుకో దొరా” అన్నాడు.

కొండల అవతల ఏ ఊరు తగలబడిందో, ఏ వంతెన తెగిందో, ఏ సిపాయిలు తుపాకులతో సహా దొంగల్లో కలిశారో, ఒక్కొక్క పేరే చెప్పుకుపోయాడు.

“ఇన్నాళ్లకు నోరు విప్పావు సాయ్! రంగూన్‌లో మెచ్చుకుంటారు” అంటూ దొర సంబరంగా కలాన్ని సిరాలో ముంచాడు.

నేను నా కలం కింద పెట్టేశాను. ఆ దారిలో తాత మనిషి ఇక ఎవరూ లేరు.