గట్టు మీద ఎనిమిది ముద్దలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే, పనిలేక అంటున్నారని కసిరి చేతికి చీపురిచ్చేదాన్ని. నేను చదివింది నాలుగో తరగతి. వర్ణించి చెప్పడం రాదు. రెండేళ్ళ కిందట చలికాలంలో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది యానాం అవతల, మడ అడవికి దగ్గరగా ఉన్న ఊరు. కోతలై చేలు ఖాళీ అయ్యాక నక్కలు ఊరి అంచుదాకా వస్తాయి. ఆ ఏడు ఒక్క వారంలో మా మూడు కోడిపెట్టలూ, ఒక మేకపిల్లా పోయాయి. తల్లిమేక రెండు రోజులు అరుస్తూనే ఉంది. అది వినలేక, ఎర పెట్టి ఆ నక్కను చంపాలనుకున్నాను.

ఎర పెట్టడం మా ఆయన దగ్గర చూసి నేర్చుకున్నదే. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆయనకో పద్ధతి ఉండేది. తవుడూ, ఎండుచేపల తలకాయలూ కలిపి ముద్దలు చేసి, మూడు సాయంత్రాలు మందు లేకుండానే మా చేని గట్టు మీద పెట్టేవారు. నక్క రుచి మరిగాక, నాలుగో సాయంత్రం పొలానికి చల్లే గుళికల మందు కలిపేవారు. ప్రతి ముద్ద పక్కనా గుర్తుకి ఒక తాటాకు ముక్క గుచ్చేవారు. తెల్లారకముందే వెళ్ళి, మిగిలిన ముద్దలు తాటాకులతో సహా ఏరి, గట్టు చివర గోతిలో పూడ్చి, పైన కుండపెంకు బోర్లించేవారు. ఊళ్ళో ఒక్క కుక్క తిన్నా, ఒక్క కోడి తిన్నా ఆ పాపం మనదేనని చెప్పేవారు. ఇంకే పనిలోనూ ఆయనకు అంత శ్రద్ధ ఉండేది కాదు.

నేనూ అలాగే చేశాను. నాలుగో సాయంత్రం మందు కలిపిన ముద్దలు ఎనిమిది పెట్టాను. ఇంటికి వచ్చేసరికి ఒళ్ళు వెచ్చబడింది. జ్వరం మాత్ర వేసుకుని పడుకున్నాను.

మా వైపు కోతలయ్యాక నెల్లూరు నుంచి బాతుల మందలు తోలుకుని వస్తారు. రాలిన గింజలు ఆ బాతులు మేస్తాయి. రైతు సరేనంటే చాలు, చేలో దింపుకుంటారు. మా మరిది ఆ రోజే పెళ్ళికని కాకినాడ వెళుతూ, మా చేలో మేపుకోమని వాళ్ళకు ఫోన్లో మాట ఇచ్చేశాడు. ఎరల సంగతి నేను అతనికి చెప్పలేదు. బాతుల సంగతి అతను నాకు చెప్పలేదు.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి మంచం మీద ఎండ పడుతోంది. చేను వైపు నుంచి బాతుల అరుపులు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

గట్టు నిండా బాతులే. ముద్దలు లేవు, తాటాకులు లేవు. కాపలా ఉన్న ఆవిడ పేరు పోలమ్మ. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నావల్ల పొరపాటైపోయిందమ్మాయ్. నక్కకని గట్టు మీద మందు ముద్దలు పెట్టాను. తియ్యలేదు. నీ బాతులు తినేసుంటాయి."

ఆమె మందను ఒకసారి చూసింది. "మాకు ఇల్లూ పొలమూ అన్నీ ఈ బాతులేనమ్మా," అంది. తిట్టినా బాగుండేది.

ఆమె భర్త మందను కళ్ళంలోకి మళ్ళించాడు. ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. ఏ బాతు తూలినా ముగ్గురం లేచేవాళ్ళం. ఒకటి మెడ వాల్చింది. పోలమ్మ పరిగెత్తి ఎత్తుకుంది. అది కళ్ళు తెరిచి ఆమె చేతిని పొడిచింది.

"నిద్దరపోతందే, దొంగముండ," అంది ఆమె. ఏడుస్తూనే నవ్వింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఒక్క బాతూ చావలేదు. అప్పటికి గానీ పోలమ్మకు తట్టలేదు. "మీ పెద్దాయన ముందే తీసేసుంటారమ్మా. మేమొచ్చేటప్పటికి గట్టు మీద ఒంగి ఏవో ఏరతా ఉన్నారు."

"ఏ పెద్దాయన?"

"మంచులో మొహం కనపడలేదమ్మా. తలకి తువ్వాలు చుట్టుకున్నారు. మందని కాసేపు కాలవ కాడే ఆపమన్నారు. మహారాణి గారికి ఇయ్యాల ఆలస్యంగా తెల్లారుద్దిలే, నేను చూసుకుంటానన్నారు. నవ్వుతానే అన్నారు."

నలభై ఏళ్ళు ఆయనకంటే ముందు లేచి పొయ్యి వెలిగించినదాన్ని. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆయన ముందు లేస్తే, పక్కింటికి వినపడేలా ఆ మాటే అనేవారు. నన్ను మహారాణి అన్న మనిషి లోకంలో ఇంకొకరు లేరు. పాత చీరలు కట్టుకుని తిరిగే నన్ను ఎవరంటారు?

గట్టు చివరికి వెళ్ళి చూశాను. కుండపెంకు బోర్లించి ఉంది. కింద మట్టి కొత్తది. తవ్వితే ముద్దలు ఎనిమిదీ ఉన్నాయి, తాటాకు ముక్కలు ఎనిమిదీ ఉన్నాయి.

తరువాత ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఆ పొద్దున మా చేను వైపు వెళ్ళామని ఎవరూ అనలేదు. మరిది మర్నాటికి గానీ రాలేదు. పోలమ్మ వాళ్ళు మా ఊరు రావడం అదే మొదలు. జ్వరంలో నువ్వే లేచి తీసుంటావు వదినా, గుర్తులేదంతే, అన్నాడు మరిది. అదే నిజమనుకుందామని చూశాను. కానీ లేచేసరికి నా కాళ్ళకు మట్టి లేదు, చేతులకు చేపల వాసన లేదు. తువ్వాలు చుట్టుకున్న మనిషి ఎవరో అతనూ చెప్పలేకపోయాడు.

మిగిలిన మందు అతనికే ఇచ్చేశాను. ఇప్పుడు మేకల్ని వంటింటి వసారాలోనే కట్టేసుకుంటున్నాను.

వెళ్ళేటప్పుడు పోలమ్మ ఆరు బాతుగుడ్లు తెచ్చి, "పెద్దాయనకి వండిపెట్టండమ్మా," అంది. ఆయన లేరని చెప్పకుండానే తీసుకున్నాను.

ఒకటి ఉడకబెట్టి, సాయంత్రం అరిటాకు ముక్కలో పెట్టి గట్టు మీద ఉంచి వచ్చాను. ఎందుకు ఉంచానంటే చెప్పలేను. తెల్లారి వెళ్ళి చూస్తే గుడ్డు పెట్టినది పెట్టినట్టే ఉంది. చుట్టూ నక్క అడుగులు ఉన్నాయి. నక్కకు గుడ్డంటే ఎంత ఆశో మా ఊళ్ళో అందరికీ తెలుసు. అది ఎందుకు ముట్టలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆయన ముట్టకపోవడంలో మాత్రం వింత లేదు. బాతుగుడ్డు నీచు వాసనని బతికుండగా కూడా కంచం పక్కకు జరిపేవారు.

పారెయ్యడానికి మనసొప్పక, ఇంటికి తెచ్చి పులుసులో వేసుకుని తిన్నాను.